పాఠాలకు కట్టిన కొబ్బరాకు

మా దీవి పిల్లలకి మౌస్ గురించి తెలిసినంత ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. నాలుగో తరగతిలో పరిచయం చేశారు. ఐదులో కొత్త పుస్తకం వచ్చింది కాబట్టి మళ్ళీ చేశారు. ఆరులో కొత్త హెడ్మాస్టరు వచ్చాడు కాబట్టి ఇంకోసారి. ఏడులో పెద్ద బడికి వెళితే అక్కడా అదే. చివరికి మౌసే వీళ్ళని చూసి మొహం తిప్పుకునే స్థితికి వచ్చింది. "కంప్యూటర్ అనగా ఒక ఎలక్ట్రానిక్ యంత్రము" అని ప్రతి ఇంట్లో, ప్రతి ఏడూ, ఎవడో ఒకడు బట్టీ పడుతూనే ఉంటే లవంగాలు ఎండబోసే ముసలమ్మలకి కూడా ఆ ముక్క నోటికొచ్చేసింది. ఒకావిడ చర్చిలో పరలోక ప్రార్థన మధ్యలో అందుకుని, ఎలక్ట్రానిక్ యంత్రము దాకా వెళ్ళి, ఆమెన్ అందట. పాస్టరు గారు కూడా అలవాటుగా ఆమెన్ అన్నారట. ఇందులో అబద్ధం ఏమైనా ఉంటే అది ఆ ముసలమ్మది.

తప్పు పిల్లలది కాదు. జూలైలో బడి తెరిచేసరికి జిల్లా నుంచి ఏదో ఒక పడవ దిగేది. కొత్త పుస్తకమో, కొత్త హెడ్మాస్టరో, ఒకే రంగు టీషర్టులు వేసుకున్న ఏదో సంస్థవాళ్ళో అందులో ఉండేవాళ్ళు. ఎవరు వచ్చినా మొదటి పేజీతోనే వచ్చేవారు. రెండో పేజీ చూసేలోపు వాళ్ళ పడవ వాళ్ళకోసం వచ్చేసేది.

దీవిలో చిన్న బళ్ళు రెండు. ఒకటి కొండమీద, చర్చిది. ఒకటి ఒడ్డున, సర్కారుది. చర్చి బడి పిల్లలు టైపు కొట్టడం నేర్చుకునే సమయానికి ఒడ్డు పిల్లలు తెరమీద పువ్వులకి రంగులు వేస్తూ ఉండేవారు. వీళ్ళూ వాళ్ళూ ఏడో తరగతికి పెద్ద బడిలో కలిసేవారు. అక్కడ కంప్యూటర్ పాఠం చెప్పే యాకోమినా నాన్‌లోహీ ఇద్దరినీ ఒక గీతమీద నిలబెట్టడానికి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టేది. పిల్లలు సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాం రాయగలిగే వేళకి తొమ్మిదో తరగతి అయిపోయేది. ఆ పైన చదువుకి సముద్రం దాటి ఆంబోన్ పట్నంలో చేరితే, దీవి నుంచి వచ్చిన మొహాలని చూసి పట్నం పిల్లలు నవ్వేవారు.

యాకోమినా గురించి చెప్పాలి. ఆమె మనిషి నిలువెత్తు, నవ్వు అంతకన్నా ఎత్తు. ఆవిడ వంటింట్లో నవ్వితే లంగరు వేసిన పడవలు ఊగుతాయని జాలర్లు చెప్పుకుంటారు. దవడ మాత్రం పలక. ఒకసారి బిగిసిందంటే పాస్టరు గారు కూడా ప్రసంగం తగ్గించుకుంటారు. పెద్దవాళ్ళు ఆమెని ఊసి అంటారు, అంటే అక్క అని. పిల్లలు ఈబు అంటారు, టీచరమ్మ కదా. లవంగం తోట అమ్ముకుని చదివించిన తండ్రికి ఆమె ఒక్క మాట ఇచ్చింది, ఊళ్ళోనే పాఠం చెబుతానని. ఆ మాట మీద నిలబడి ఉన్నందుకు పట్నం బడి పిలుపుని రెండుసార్లు తిప్పికొట్టింది.

ఆమె దవడ ఈ విషయంలో బిగియడానికి కారణం ఒక ఆవులింత. ఏడో తరగతి మొదటి రోజు, సెల్ఫీనా అనే పిల్ల ముందు బెంచీలో కూర్చుని, యాకోమినా మౌస్ చేతిలోకి తీసుకోగానే నోరు బార్లా తెరిచి ఆవులించింది. తెరిచిన నోరు మూసుకున్నాక, ఎంతో మర్యాదగా అడిగింది.

"ఈబు, ఈ యేడు కూడా ఇదేనా?"

యాకోమినా మౌస్ బల్లమీద పెట్టేసింది. ఆ రోజు పాఠం చెప్పలేదు. పిల్లలకి ఇంతకాలం ఎక్కడ ఏం చెప్పారో ఒక్కొక్కరినీ అడిగి, నల్లబల్ల నిండా రాసింది. రాసినంతా చూస్తే రెండు బళ్ళ మూడేళ్ళ చదువులో ఒకే పాఠం ఆరు వేషాలు వేసుకుని కూర్చుంది.

ఆ ఆదివారం ఆమె ఇద్దరు టీచర్లని భోజనానికి పిలిచింది. ఒకరు చర్చి బడి మామా ఆంచే, మామా అంటే మా దగ్గర అమ్మ. ఆవిడ లెక్కలు, పాటలు, కుట్లు, కంప్యూటరు అన్నీ ఒకే గొంతుతో చెబుతుంది. రెండోవాడు ఒడ్డు బడి మెల్కి. నిజానికి ఫుట్‌బాల్ నేర్పేవాడు. ఫోనుమీద రెండు బొటనవేళ్ళూ చురుగ్గా ఆడిస్తాడని హెడ్మాస్టరు వాడికి కంప్యూటరు పాఠం అంటగట్టాడు. సాగో పిండిలో మరిగే నీళ్ళు పోసి పాపెడా అనే జిగురు జావ కలుపుతూ, చేపల పులుసు కలుపుతూ, ముగ్గురూ ఆ వంటింట్లోనే పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట అదే వంటింట్లో వారం వారం నడిచింది. మెల్కి ఎప్పుడూ పులుసు అయిపోయేదాకా ఒప్పుకునేవాడు కాదు.

చివరికి తేలింది ఇది. నాలుగో తరగతిలో యంత్రం ముట్టుకోవడమే లేదు. ఒక పనిని వరస తప్పకుండా చెప్పడం నేర్పాలి. పాపెడా కలపడమే మొదటి పాఠం. పిల్లలు వరస రాస్తారు, టీచరు రాసినట్టే చేస్తుంది. కలుపుతూ ఉండమని రాయడం మరిచిపోతే పిండి ముద్ద కట్టి గరిటె పట్టేసుకుంటుంది. మామా ఆంచే ఇలా ఒక గరిటెని ఎప్పటికీ వెలికితీయలేకపోయింది, ఇప్పుడు అది బడిగోడలో మేకుగా ఉందని అంటారు. ఐదులో ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం, తెరమీద ఆజ్ఞలు ఇచ్చి గీతలు గీయించడం. ఆరులో 'ఇలా అయితే ఇది చెయ్యి, లేకపోతే అది' అని యంత్రానికి చెప్పడం. ఏడులో సొంత ప్రోగ్రాం. రెండు చిన్న బళ్ళలోనూ ఒకే వారం ఒకే పాఠం. ప్రతి ఏడూ నిరుడు ఆగిన చోటునుంచే మొదలు. మౌస్‌కి ఒక పూట. జీవితం మొత్తానికి ఒక్క పూట.

అంతా బాగుంది. తర్వాతి సోమవారమే మెల్కి బళ్ళోకి కొత్త హెడ్మాస్టరు దిగాడు. ముందు స్లైడ్లు నేర్పమన్నాడు. మెల్కి సరే అన్నాడు. మెల్కిది ఎవరికైనా సరే అనే మెడ.

యాకోమినా ఆ కోపంతో ఒడ్డుకి నడిచింది. అక్కడ సముద్రానికి సాసి వేస్తున్నారు. సాసి వేస్తే ఇంక తెరిచే రోజు దాకా ఆ నీళ్ళలో వల పడకూడదు. ఊరి పెద్ద బావమరిది అయినా సరే, పాస్టరు గారి అతిథి అయినా సరే. కర్ర పాతి దానికి లేత కొబ్బరాకు కడతారు, శంఖం ఊదుతారు, అంతే. ఆ ఆకుని దాటే ధైర్యం తుఫానుకి కూడా లేదని మావాళ్ళ నమ్మకం. ఈ కట్టు కాసేది కావలి పెద్ద తేతే ఒబెత్. తేతే అంటే తాత. ఆయన ఊరందరికీ తాతే, పళ్ళు లేకపోయినా చూపుతోనే కొరుకుతాడు.

యాకోమినా ఆయన పక్కన ఇసుకలో కూర్చుని, తన పాఠాలకి కూడా సాసి వెయ్యమంది.

తేతే ఒబెత్ చాలాసేపు చుట్ట పీల్చాడు. "చేపకి వేశాం. లవంగానికి వేశాం. కాగితానికి వేస్తే ఏం కాస్తుందే?"

"చేపకి ఎందుకు వేస్తారు తేతే?"

"పెరగనివ్వడానికి."

"మా పిల్లలూ అంతే. పెరిగేలోపే ప్రతి ఏడూ ఎవడో వచ్చి వల లాగేస్తున్నాడు."

ఆయన ఇంకో చుట్ట వెలిగించాడు. ఊళ్ళో దీన్ని ఒప్పుకున్నట్టు లెక్క.

మా ఊరి పెద్దని రాజా అంటాం. కిరీటం ఉండదు, ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. రాజా ఆ కుర్చీలోంచి లేచి సభలో చదివాడు: ఇప్పుడు నాలుగో తరగతిలో ఉన్న పిల్లలు ఏడుకి చేరేదాకా ఈ పాఠాల వరస మూసి ఉంది, ఎవరూ తీయకూడదు, కలపకూడదు, వెనకది ముందుకి జరపకూడదు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. పాఠాల కాగితాన్ని సభామండపం బీరువాలో పెట్టి, దాని రెండు తలుపుల మీదుగా లేత కొబ్బరాకు కట్టారు. తేతే ఒబెత్ శంఖం ఊదాడు. కొత్త హెడ్మాస్టరు స్లైడ్ల మాట మళ్ళీ ఎత్తలేదు. వాడిది దక్షిణం వైపు దీవి. సాసి అంటే ఏమిటో వాడికీ తెలుసు.

మొదటి ఏడు పాపెడాతో గడిచింది. రెండో ఏడు ఐదో తరగతి గీతల దగ్గరకి వచ్చేసరికి యాకోమినాకి వరసలో తప్పు కనబడింది. తెరమీద ఆజ్ఞ ఇవ్వాలంటే ఇన్ని డిగ్రీలు తిరుగు అని చెప్పాలి. కోణాలని డిగ్రీల్లో కొలవడం లెక్కల పాఠంలో వచ్చేది ఆరో తరగతిలో. ఇల్లు గీయమంటే పిల్లలు తొక్కిన పీతని గీస్తున్నారు. ఆ పాఠం ఆరుకి జరగాలి, ఆరులో ఉన్నది ఐదుకి రావాలి. తప్పు ఇంకెవరిదో కాదు. తనదే.

తెరిచే రోజు దాకా ఆగాలి. ఆగలేకపోయింది. గురువారాలు చర్చి బడికి వెళ్ళి మామా ఆంచేకి సాయంగా పాఠం చెప్పే అలవాటు ఆమెకి ఉంది. ఒక గురువారం చడీచప్పుడు లేకుండా వరస మార్చి చెప్పింది. కొండమీద పిల్లలకి ఎంతో బాగా అర్థమైంది. ఆమె పాటపాడుకుంటూ కొండ దిగింది.

ఆమె చేసిందేమిటో ముందుగా పట్టుకున్నది మెల్కి. కొండమీది పిల్లలు ఒడ్డు పిల్లలతో బంతి ఆడుతూ గొప్పలు పోయారు, మాకు ఆరో తరగతి పాఠం ముందే వచ్చిందని. ఒడ్డు పిల్లలు మెల్కిని అడిగారు. మెల్కి మొహం వెలిగిపోయింది. ఎన్ని ఆదివారాలు పులుసు దగ్గర ఆమె చేత తిట్లు తిన్నాడో అన్నిటికీ ఒకేసారి వడ్డీ వచ్చినట్టు అయింది. తేతే ఒబెత్ ఇంటికి నడిచి వెళ్ళలేదు, పరిగెత్తాడు.

సభామండపంలో తేతే ఒబెత్ ఆమెని ఒక్కటే అడిగాడు, జరిపావా అని. జరిపానంది. అది మంచికే జరిపానని, అసలు వరసలో తప్పుందని, పిల్లల మేలు కోసమేనని చెప్పుకుంటూ పోయింది.

"వచ్చినవాళ్ళందరూ అదే అన్నారు కదే," అన్నాడు తేతే. "టీషర్టుల వాళ్ళు కూడా మేలుకే వచ్చారు."

యాకోమినాకి అప్పుడు తట్టింది. రెండు బళ్ళు ఒక గీతమీద నడవాలని అరిచి గోలపెట్టిన మనిషే ఒక బడిని ముందుకి లాగి ఇంకో బడిని వెనక వదిలేసింది. కొండ పిల్లలకి మేలు చేసింది, ఒడ్డు పిల్లలకి చెయ్యలేదు. ఏడో తరగతికి వాళ్ళు తన దగ్గరకి వచ్చేనాటికి మళ్ళీ రెండు గీతలు.

సాసి తప్పినవాళ్ళకి మా ఊళ్ళో ఒకటే శిక్ష. కంచు పళ్ళెం మోగిస్తూ ఊరు ఈ చివరనుంచి ఆ చివరదాకా నడవాలి. ప్రతి మలుపులో నిలబడి, నేను సాసి తప్పాను, నాలా చెయ్యకండి అని చెప్పాలి. చేప దొంగలు తల దించుకుని, గొణుగుతూ నడుస్తారు. యాకోమినా తల ఎత్తుకునే నడిచింది. గొంతు తగ్గించలేదు. తన క్లాసు పిల్లల ముందు ఇంకా పెద్దగా చెప్పింది. ఆ కేకకి ఎదురు దీవిలో కుక్కలు మొరిగాయని పడవలవాళ్ళు తర్వాత చెప్పారు. మెల్కి మొదటి మలుపులో నవ్వుతూ నిలబడ్డాడు. రెండో మలుపులో నవ్వు ఆపాడు. మూడో మలుపు నుంచి పక్కన చేరి, కంచు పళ్ళెం బరువుగా ఉందేమో ఇటివ్వండి ఊసి అన్నాడు. ఆమె ఇవ్వలేదు.

తర్వాత వారం కొండమీద పాఠం వెనక్కి వెళ్ళింది. పీతలు గీస్తూనే ఐదో తరగతి గడిచింది, రెండు బళ్ళలోనూ ఒకేలా. మెల్కి మైదానంలో సున్నంతో గీతలు గీసి పిల్లల్నే తిప్పాడు, కోణం అంటే ఏమిటో కాళ్ళతో తెలిసేలా. అదే పనిని అదే వారంలో మామా ఆంచే చేత కొండమీద చేయించాడు. పాఠం మారలేదు. చెప్పే పద్ధతి మారింది. దానికి సాసి అడ్డు రాదని తేతే చుట్ట పీల్చి తేల్చాడు.

మూడో ఏడు చివర, ఆ పిల్లలు ఏడుకి రావడానికి ఇంక సెలవులు మాత్రమే ఉన్నాయనగా, జిల్లా నుంచి అధికారి హెర్మనుస్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, వెనక అట్టపెట్టెలు. వచ్చే జూలై నుంచి అన్ని తరగతులకీ కొత్త పుస్తకమట. అట్టమీద మెరిసే రోబో బొమ్మ. యాకోమినా ఒక ప్రతి తెరిచి మొదటి పాఠం పేరు చదివింది. 'మౌస్‌ని పరిచయం చేసుకుందాం.'

ఆమె దవడ బిగియడం సభామండపంలో అందరూ చూశారు.

హెర్మనుస్ తెలివితక్కువవాడేమీ కాదు. పడవ దిగుతూనే మెల్కి దగ్గరున్న పాఠాల వరస కాగితం అడిగి తీసుకుని చదివాడు. డిగ్రీల తప్పు పట్టేశాడు. రాజా ముందు, పాస్టరు గారి ముందు దాన్ని వేలితో చూపించాడు. ఇలా తప్పులున్న వరసని పట్టుకుని ఊరు ఊరంతా ఎలా వేలాడుతోందని ఆశ్చర్యపోయాడు. చూశారా మేడమ్ అన్నట్టు ఆమెకేసి తిరిగాడు.

"చూశాను సార్. మీకన్నా ముందు చూశాను," అంది యాకోమినా. "ఆ తప్పు దిద్దబోయినందుకే కంచు మోగిస్తూ ఈ ఊరంతా తిరిగాను. అడగండి, పిల్లలు కూడా చెప్తారు."

తప్పని తెలిసీ మార్చలేదా అని అతను నవ్వాడు.

"తప్పున్న పాఠమే అయినా ఈ పిల్లలందరూ ఒకేలా చదివారు. ఆ తప్పు ఎక్కడుందో, దాన్ని ఎలా దాటాలో వాళ్ళకి తెలుసు. మీ పుస్తకంలో తప్పులుండవు సార్. మొదటి పాఠం దాటి ఎవరూ వెళ్ళలేదు కాబట్టి ఎవరికీ కనబడవు."

హెర్మనుస్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఉద్యోగం గురించి ఏదో అన్నాడు. బదిలీ అన్నాడు. ఆమె తన పేరు ఎలా రాయాలో అక్షరం అక్షరం చెప్పి, నివేదికలో తప్పు లేకుండా రాయమంది. రాజా దగ్గాడు. తెరిచే రోజు జూలైలో ఉందని, అప్పుడు వస్తే కూర్చుని మాట్లాడుకుందామని రాజా మెల్లగా చెప్పాడు. అధికారికి అది ఇంకా మండింది. ఆకేగా, అన్నాడు. కొత్త పుస్తకాలు బీరువాలో సర్దేయడానికి ముందుకి వెళ్ళి, ఎండిపోయిన కొబ్బరాకుని పక్కకి లాగేశాడు.

ఆకు తెగిన చప్పుడు చాలా చిన్నది. హెర్మనుస్ వెనక్కి తిరిగి చూసేసరికి తేతే ఒబెత్ శంఖం నోటి దగ్గర పెట్టుకుని ఉన్నాడు.

శిక్ష సంగతి చెబితే అతను మొదట నమ్మలేదు. అట్టపెట్టెలు ఎత్తించుకుని తిన్నగా రేవుకి నడిచాడు. పడవవాడు మర్యాదగా లేచి నిలబడి, సాసి తప్పినవాడిని ఎక్కించుకుంటే ఇంజను నడవదని చెప్పాడు. నడుపు అన్నాడు అధికారి. తాడు లాగితే ఇంజను దగ్గింది, ఊరుకుంది. మళ్ళీ లాగితే అదీ లేదు. సముద్రానికి కోపం వచ్చిందని కొందరంటారు. ప్లగ్గు పడవవాడి జేబులో ఉందని ఇంకొందరంటారు. జేబు తడిమి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ఎండ నెత్తికెక్కేదాకా హెర్మనుస్ తన పెట్టెలమీద కూర్చున్నాడు. ఆ పైన లేచి, సభామండపానికి తిరిగి వచ్చి, నేను ఏం చెయ్యాలి అని అడిగాడు. కంచు పళ్ళెం చేతికిచ్చారు. పట్టుకోవడం రాలేదు. అధికారిగా ఎన్నో పట్టుకుని ఉంటాడు గానీ ఇది కొత్త. మొహం దించుకుని, ఇస్త్రీ చొక్కా చెమటకి అతుక్కుపోయి నిలబడ్డాడు.

యాకోమినా వచ్చి పళ్ళెం తాడు అతని వేళ్ళకి సరిగ్గా చుట్టింది.

"రండి సార్. దారి నాకు తెలుసు."

అతనితో పాటు నడిచింది. మలుపు మలుపులో అతను చెప్పలేక తడబడుతుంటే మాట అందించింది. ఎవరైనా నవ్వితే అటు ఒక చూపు చూసింది. ఆ చివరికి చేరేసరికి అతను కాస్త పైకే చెప్పగలిగాడు. సాయంత్రం ఇంజను మొదటి లాగుకే మోగింది. పుస్తకాలు పెట్టెలతో సహా తిరిగి వెళ్ళాయి. బదిలీ కాగితం ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని ఊరు ఎదురు చూసింది. రాలేదు. కంచు మోగించిన కథ ఆఫీసులో ఎలా రాయాలో అతనికి తోచలేదేమో.

జూలైలో శంఖం ఊది సాసి తెరిచారు. ఊరందరి ముందు గీతల పాఠాన్ని ఐదునుంచి ఆరుకి జరిపారు, ఆరులోది ఐదుకి తెచ్చారు. అన్నం వేళ కాకముందే కొత్త ఆకు కట్టేశారు, ఇంకో మూడేళ్ళకి. పెద్ద బడిలో కొండ పిల్లలూ ఒడ్డు పిల్లలూ కలిసి కూర్చున్నారు. యాకోమినా ఏమీ పరిచయం చెయ్యలేదు. మొదలుపెట్టండి అంది, మొదలుపెట్టారు. కీబోర్డుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

వెనక బెంచీలో ఒక కొత్త పిల్లవాడు చెయ్యెత్తాడు. తండ్రికి చేపల పని దొరికితే ఎదురు దీవి నుంచి వచ్చాడు. మౌస్ గురించి ఎప్పుడు చెబుతారని అడిగాడు. క్లాసంతా తిరిగి చూసింది. ముందు ఎవరో, ఆ తర్వాత అందరూ నవ్వారు.

"విరామంలో మేం చెప్తాంలే," అంది ఒడ్డు పిల్ల ఒకతె. "పావుగంట పని."

యాకోమినా నవ్వలేదు. వాడి బెంచీ దగ్గరకి వెళ్ళి, అక్కడ ఏ బళ్ళో చదివాడో, ఏ తరగతిలో ఏం చెప్పారో మెల్లగా అడిగింది. వాడు చెప్పాడు. నాలుగులో మౌస్, ఐదులో మౌస్, ఆరులో కొత్త హెడ్మాస్టరు.

ఆమె కిటికీలోంచి ఎదురు దీవికేసి చూసింది. దవడ బిగిసింది.

"మీ ఊరి కావలి పెద్ద ఎవర్రా?" అంది.